అరికాలి చుక్క

ప్లెయిన్స్‌బరో,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి శారదకు అక్క దీవెనలు.

ఫోన్‌లో సగం మాటలు నీకు వినపడవు, మిగతా సగం నువ్వు వినవు, అందుకే రాస్తున్నాను. మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరిదిగారు ఉప్పు తగ్గించారా? నేను బాగానే ఉన్నాను. మంచు పడుతోంది. అమ్మాయీ అల్లుడూ చీకటితో వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. మనవణ్ణి ఏది అడిగినా "ఫైన్, అమ్మమ్మా" అంటాడు. పప్పు వండుకుంటాను, ఒక్కదాన్నే తింటాను. నిజంగా బాగానే ఉన్నాను.

ఆసుపత్రిలో పసిపిల్లలను ఎత్తుకుని కూర్చునే పనికి వెళ్తున్నానని చెప్పాను కదా. జీతం లేదు. కానీ ఈ దేశంలో ఒకరోజు వెళ్లకపోతే ఎందుకు రాలేదని నన్ను అడిగే చోటు అదొక్కటే. దాన్నే పోగొట్టుకోబోయాను.

ఇక్కడ ఒక చట్టం ఉంది. పెంచలేని తల్లి తన పసికందును ఆసుపత్రిలో అప్పగించి వెళ్లిపోవచ్చు. పేరు అడగకూడదు, వెంటపడకూడదు. బిడ్డను తీసుకుని, ఒళ్లంతా పరీక్షించి, ప్రతి మచ్చా రాసిపెట్టి, శిశు సంక్షేమ శాఖకు కబురు చేయడం ఆసుపత్రి బాధ్యత. ఒంటిమీద దెబ్బ కనిపిస్తే మాత్రం సంగతి పోలీసుల దాకా పోతుంది.

ఈమధ్య అలా ఒక ఆడపిల్ల వచ్చింది. సునీత అనే నర్సు తెచ్చి నా ఒడిలో పెట్టింది. బాపట్ల వైపు అమ్మాయి, తెలుగు చర్చికి వెళ్తుంది. పసిదానికి నల్లటి ఒత్తు జుట్టు. పిడికిలి విప్పదు. వచ్చినవాళ్లంతా "బ్యూటిఫుల్" అని పోతున్నారు. దిష్టి తగులుతుందని భయపడడానికి దానికంటూ ఎవరున్నారు? నా కంటి కాటుక వేలితో తీసి అరికాలిలో చుక్క పెట్టాను. గోళ్లు పెరిగిన పిల్లలను తరగతి బయట నిలబెట్టిన హెడ్‌మిస్ట్రెస్‌ని, నేనే!

డైపర్ మార్చబోయి సునీత చూసింది.

"అడ్మిట్ చేసినప్పుడు ఈ మార్క్ లేదే! దెబ్బ అని చార్ట్‌లో ఎక్కితే ఆ తల్లిని వెతుకుతారండీ. డాక్టర్‌ని పిలవాలి."

"ఆగమ్మా. అది కాటుక. నేనే పెట్టాను."

"అయ్యో అమ్మమ్మగారూ! మోచేతుల దాకా కడిగించింది కంట్లో వేలు పెట్టుకోడానికా? ఇన్ఫెక్షన్ వస్తే? నేను రిపోర్ట్ చేయాల్సిందే."

"చెయ్యి. నీ స్థానంలో నేనున్నా అదే చేస్తాను."

చేసింది. తడి దూదితో చుక్క తుడిచింది. మళ్లీ శిక్షణ తరగతిలో కూర్చుంటేనే రానిస్తామన్నారు. కూర్చున్నాను, ముందు వరసలోనే. తిరిగి వెళ్లేసరికి తొట్టె ఖాళీ.

"ఎవరింటికి పంపారు?" అన్నాను.

"చెప్పకూడదండీ," అంది సునీత. తొట్టెలో దుప్పటి మడతపెడుతూ, "ఏడవకుండానే వెళ్లింది," అంది.

ఇంటికొచ్చి పప్పు వేడి చేసుకున్నాను.

నువ్వు ఇంట్లో పట్టిన కాటుక పంపుతానన్నావు, వద్దు. పిన్నికి నా నమస్కారాలు చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకోమను. ఇంకొక్కటే పని. నీ మనవరాలికి ఉప్పు దిగదుడిచేటప్పుడు ఈ పిల్ల కోసం కూడా ఓ గుప్పెడు తియ్యి. పేరేమిటని అడగకు. అడగకూడదు.

ప్రేమతో,
అక్క కామేశ్వరి