వచ్చే ఏటి క్యాలెండరు

అక్కా,

ఈ రోజు బోయిగూడలో మన చర్చిలో కొత్త ఏడాది క్యాలెండర్లు పంచారు.

టీవీలన్నీ యుగాంతమని ఊదరగొడుతుంటే మన పాస్టరుగారూ అందుకున్నారు కదా, "ఈ డిసెంబరు దాటదు, ప్రభువు వచ్చేస్తాడు" అని. డాక్టరు దసరాకి ఆపరేషన్ అంటే, "ప్రభువు దగ్గరికి ఎత్తబడే ఒంటికి కుట్లెందుకే?" అని నవ్వేశావు. క్రిస్మస్ చూడకుండానే పోయావు.

"యుగాంతం తేదీ దాటి వారమేగా అయింది, ఇంత త్వరగా ఎలా అచ్చేశారు?" అని క్యాలెండర్ల కట్టలు తెచ్చిన ప్రెస్సాయన్ని అడిగాను.

"జల్దీ ఏందమ్మా? పాస్టర్ సార్ దసరాకే ఆర్డరిచ్చిండు గదా!"

ఆ పాస్టరుగారే నా చేతిలో రెండు పెట్టి, "ఒకటి అక్క పేరున ఉంచమ్మా" అన్నారు.

పైన ఎర్రక్షరాల్లో "రాకడ సమీపం" అని ఉంది. కింద ఏడాది పొడుగునా ఏ వారం ఎవరింట్లో ప్రార్థనో అచ్చేశారు. ఆగస్టు మొదటి శుక్రవారం దగ్గర నీ పేరుంది.