నిత్యం అంటే రోజూ అనుకున్నాను

అత్తమ్మా,

బాగున్నారా? ఈ మాట ఇదివరకు ఫోన్లో ఎన్నిసార్లు అడిగానో... ఇప్పుడు రాస్తుంటే మాత్రం నిజంగానే తెలుసుకోవాలని ఉంది. మీరు వెళ్ళి ఎనిమిది నెలలు దాటింది.

మేం బాగానే ఉన్నాం. సుధీర్ ఆఫీసుకి వెళ్ళేముందు మీ గది కిటికీ తెరుస్తాడు, వచ్చాక మూస్తాడు. ఎందుకని నేను అడగలేదు. మన వీధి చివరి బండల్ని పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. నన్ను హైటెక్ సిటీకి తీసుకెళ్ళే క్యాబు ఆ ఇసుక కుప్పల మధ్య తిరగలేక, ఫిల్మ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదే నిలబడి హారన్ కొడుతోంది.

ఇవన్నీ చెప్పడానికి కాదు రాస్తున్నది. ఒక మాట గురించి చెప్పాలి. ఒక్క మాటే...

నేను మీ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు, తెల్లవారకముందే మీ గదిలోంచి ప్రార్థన వినపడేది. డబ్బింగు సినిమాల్లో ఎందరో అమ్మలకీ అత్తలకీ మాటలు పలికిన గొంతు కదా మీది, గోడకి ఆగేది కాదు. "నా కోడల్ని రక్షించు ప్రభువా, నిత్యజీవం దయచెయ్యి" అని ఏడ్చేవారు. బోరబండలో బోనాలు ఎత్తుతూ పెరిగినదాన్ని, నాకేం తెలుసు? షిఫ్టు ముగించుకుని క్యాబులో వస్తాను కాబట్టి యాక్సిడెంటు కాకుండా రక్షించమంటున్నారు అనుకున్నాను. నిత్యజీవం అంటే రోజూ గడిచే బతుకు. పాలు, గ్యాసు, ఇంటి కిరాయి. అవన్నీ సాఫీగా సాగాలని నా కోసం ఏడుస్తున్నారనుకుని మా అమ్మ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను, ఇంత మంచి అత్త ఎవరికి దొరుకుతుందని.

అసలు సంగతి సుధీరే చెప్పాడు, నా మొహం చూడకుండా. రక్షణ అంటే నరకం నుంచి అని. ఆ నరకానికి వెళ్ళేది నేనని.

నాకు కోపం రాలేదంటే నమ్ముతారా? వింతగా అనిపించింది. పొద్దున్నే లేచి నా టిఫిన్ బాక్సులో గుత్తివంకాయ కూర సర్దే మనిషి, నాకు టైఫాయిడ్ వస్తే సెలైన్ అయ్యేదాకా స్టూలు మీంచి లేవని మనిషి... నేను మంటల్లో ఉంటానని నమ్ముతూ అన్నం ఎలా తింటున్నారు? టీవీ చూసి ఎలా నవ్వుతున్నారు? అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నోరు రాలేదు.

చివరికి మీరే అడిగారు. ఆసుపత్రిలో, ఆ ఆఖరి వారంలో. మీ గొంతు అప్పటికే సన్నబడిపోయింది. "నువ్వు రాకపోతే అక్కడ నాకేం తోస్తుందే అమ్మాయ్?" అన్నారు.

సరే నమ్ముతున్నాను అనేస్తే మీకు నిమ్మళంగా ఉండేది. నోటిదాకా వచ్చింది కూడా. మీరు నన్ను చూసి, "ఊరికే అనమాక. జీవితమంతా దొంగేడుపులు ఏడ్చి బతికినదాన్ని, గొంతు వింటే కనిపెట్టేస్తాను" అన్నారు. ఇద్దరం నవ్వాం. తర్వాత మీ చేయి పట్టుకుని కూర్చున్నాను. అంతే కదా జరిగింది?

మీరు గొంతు ఇస్తానని మాటిచ్చిన వాడుక తెలుగు బైబిల్ పని ఆగలేదు. దాన్ని అనువాదం చేస్తున్న ఎస్తేరుగారు, అదే మీ చర్చిలో ముందు వరసలో కూర్చునే రిటైర్డ్ లెక్చరరుగారు, ఒక రోజు ఇంటికి వచ్చారు. బైబిల్ ఎప్పుడూ చదవనివాళ్ళు వాళ్ళకి కావాలట. తాము చదివి వినిపిస్తారు, ఏం అర్థమైందో నేను చెప్పాలి. చర్చివాళ్ళని అడిగితే పాత పుస్తకం కంఠస్థం కాబట్టి, కొత్తది ఎలా రాసినా అర్థమైందనే అంటారట. నాకు నవ్వొచ్చింది. ఆఫీసులో నా పని అదే కదా, ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పుతుందో చూడటం. మీ గొంతు వెళ్ళాల్సిన చోటికి కనీసం నా చెవులైనా వెళ్తాయని ఒప్పుకున్నాను.

శనివారం మధ్యాహ్నాలు, ఎడిటింగ్ రూముల పై అంతస్తులో ఒక చిన్న గది. కింద ఎవరో ఫైట్లకి చప్పుళ్ళు కలుపుతుంటారు. పైన ఎస్తేరుగారు చదువుతారు. పాస్టరుగారు, చర్చి పెద్ద ఒకాయన వింటారు. పాస్టరుగారంటే మీ సమాధి దగ్గర వాక్యం చెప్పిన ఆయనే. విశ్వసించినవారు ఎక్కడికి వెళ్తారో, విశ్వసించనివారు ఎక్కడికి వెళ్తారో ఆ రోజు ఎంత గట్టిగా చెప్పారో మీరు వినలేదు కదా... లేక విన్నారా?

మొదటి రోజే 'రక్షణ' అంటే మిలిటరీ గుర్తొస్తోందన్నాను. ఎస్తేరుగారు రాసుకున్నారు. చర్చి పెద్దాయన మాత్రం దేవుని మాటని బజారు మాట చేస్తున్నారని విసుక్కున్నారు. నిజం చెప్పనా, నాకూ పాత పుస్తకం చప్పుడే బాగుంది. సగం అర్థం కాకపోయినా, మీ గది గోడ అవతల నిలబడి విన్నట్టుంటుంది.

తర్వాత 'నరకం' వచ్చింది. చేసిన పాపానికి తగ్గట్టు శిక్ష పడే చోటు, అది అయిపోయాక మళ్ళీ పుడతాం అన్నాను. మా ఇళ్ళలో అంతే కదా. పాస్టరుగారు పెన్ను కింద పెట్టేశారు. ఇన్నేళ్ళుగా ఆయన మా బోరబండ గల్లీల్లో మైకు పెట్టి నరకం గురించి చెబుతుంటే, వినేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు వదిలిపెట్టే జైలే కనబడిందన్నమాట.

ఇంకో శనివారం ఆ మాట వచ్చింది. ఆకలితో ఉన్నవాళ్ళకి అన్నం పెట్టినవాళ్ళనీ, పెట్టనివాళ్ళనీ చివరి తీర్పు రోజున రాజు వేరుచేసే చోటు. పెట్టినవాళ్ళకి నిత్యజీవం, పెట్టనివాళ్ళకి నిత్యశిక్ష. నిత్యం అంటే రోజూ కదా, రోజూ వేసే శిక్ష అని చెప్పాను. కాదు, ఎప్పటికీ అన్నారు పాస్టరుగారు. ఎన్ని యుగాలు గడిచినా అయిపోదా అని అడిగాను. అయిపోదన్నారు.

మిమ్మల్ని అడగలేనిది అప్పుడు ఆయన్ని అడిగేశాను అత్తమ్మా.

"మరి మా అత్తమ్మకు గా స్వర్గంల నిద్రెట్ల పడ్తది సార్? ఆమెకు నేనంటే పాణం."

ఎస్తేరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు ఇక చదవలేదు.

తర్వాత కొన్ని శనివారాలు ఆ ఒక్క మాట మీదే వాదన. మూలమైన గ్రీకులో ఆ మాట 'యుగం' అనే మాటలోంచి వచ్చిందని, రాబోయే యుగపు శిక్ష అని కూడా చదవవచ్చని ఎస్తేరుగారు చెప్పారు. చివరికి అందరూ దేవుని దగ్గరికి చేరతారని నమ్మినవాళ్ళు తొలినాటి క్రైస్తవుల్లోనే ఉన్నారట. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ పాస్టరుగారు నెమ్మదిగా ఒక సంగతి చూపించారు. ఒకే వాక్యంలో శిక్షకీ జీవానికీ అదే మాట వాడారు. శిక్షకి ముగింపు ఉందంటే జీవానికి కూడా ఉందనాలి కదా అన్నారు.

అదీ నిజమే అనిపించింది. నా కోసం మీ జీవానికి గడువు పెట్టమని నేనెలా అడుగుతాను?

దానికి ఎస్తేరుగారి దగ్గర జవాబు ఉంది. ఆ జవాబుకి పాస్టరుగారి దగ్గర ఇంకోటి ఉంది. నేను ఇటూ అటూ చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట కోసం ఇంతలా కొట్లాడి, మధ్యలో ఒకే ఫ్లాస్కులో టీ పంచుకునే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. మీరుంటే ఎవరి పక్షాన ఉండేవారు?

చివరికి 'శాశ్వత' అని పెట్టారు. శాశ్వతం అంటే నాకు సందేహమేం రాలేదు, కాంట్రాక్టు ఉద్యోగం చేసేదాన్ని కదా, పర్మనెంటు అంటే ఏమిటో బాగా తెలుసు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, మూలంలోని పదాన్ని 'యుగానికి చెందిన' అని కూడా చదువుతారని రాశారు. చర్చి పెద్దాయన ఆ వారం నుంచి రావడం మానేశారు. పాస్టరుగారు కూడా ఆ చిన్న అక్షరాలకి అడ్డు చెప్తారనుకున్నాను. చెప్పలేదు.

ఎందుకో మెట్లు దిగుతున్నప్పుడు తెలిసింది. ఆయన వెనకే వచ్చి తన తండ్రి గురించి చెప్పారు. కొడుకు చర్చిలో చేరితే వద్దనలేదట. ప్రతి ఆదివారం సైకిలు మీద తీసుకెళ్ళి దింపి, ఆరాధన అయ్యేదాకా బయట బీడీ కాల్చుకుంటూ కూర్చునేవారట. లోపలికి మాత్రం ఒక్కసారీ రాలేదు. అలాగే పోయారు.

"గా మాట ఎన్నిసార్లు సదివిననో బిడ్డా. మా నాయన యాడున్నడో నాకు తెల్వది. తెల్వదని గీ నోటితోని ఎన్నడూ చెప్పలే" అన్నారు.

మీ సమాధి దగ్గర అంత గట్టిగా మాట్లాడిన మనిషేనా అని చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఆయన స్కూటరు స్టార్ట్ కాలేదు. నేను వెనక నుంచి తోశాను.

ఇంటికొచ్చి సుధీర్‌కి ఇదంతా చెప్పాను. చిన్నప్పటి నుంచీ తనకీ ఇదే భయమని, పెళ్ళయ్యాక ఎక్కువైందని, నేను నిద్రపోతుంటే అప్పుడప్పుడూ తను చూస్తూ కూర్చునేవాడినని చెప్పాడు. ఇన్నేళ్ళు పక్కపక్కన ఉండి ఈ సంగతి మాట్లాడుకోలేదు చూడండి... ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. ఒక్కోసారి పోట్లాడుకుంటున్నాం కూడా.

నమ్మానా అని అడుగుతారేమో. లేదు అత్తమ్మా. అట్లాగని ఇదంతా ఉత్తదేనని మునుపటిలా కొట్టిపారేయలేకపోతున్నాను. శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను, అది మాత్రం నిజం. వచ్చే నెల రికార్డింగు మొదలవుతుందట. మీ బదులు వేరే ఆవిడ చదువుతారు. గొంతు బాగానే ఉంది. మీదంత కాదు.

ఒక్కటి మాత్రం ఊహించగలను. డైలాగు నచ్చకపోతే డైరెక్టర్లనే "ఇదెట్టా కుదురుద్దండీ?" అని నిలదీసినవారు మీరు. మీరెక్కడున్నా ఊరుకునే మనిషి కాదు. ఈపాటికి నా సంగతి అక్కడ అడిగే ఉంటారు. ఏమన్నారు?

చెప్పకపోయినా ఫరవాలేదు. మీరు అక్కడ అడుగుతూ ఉండండి. నేను ఇక్కడ అడుగుతూ ఉంటాను.

మీ కోడలు,
స్వరూప