దాటేసిన వరసలు

చిలకలూరిపేట దగ్గర నుంచి,
ఫిబ్రవరి 1986

అమ్మా కృపావతీ,

వాల్తేరులో నిన్ను దేవుడు కాయాలని ఈ నాయనమ్మ రోజూ మోకరిస్తోంది. జలుబు తగ్గిందా? తడితలతో కాలేజీకి పోవద్దు.

ఈ ఏడు పత్తి కొనే దిక్కు లేదు. మిల్లుల్లో పాత బేళ్ళే పేరుకుపోయాయంట. కౌలు చేను కూడా చేజారింది. మీ నాన్నేమో, “ధరలూ సంక్షోభాలూ అని ఏళ్ళ తరబడి చదువుతోందే, ఒక్క ముక్క ముందుగా చెప్పిందా? అదేం చదువమ్మా! మానేసి వచ్చెయ్యమని రాయి” అంటున్నాడు.

నువ్వు చెప్పావు తల్లీ. అందరూ పత్తే వేస్తున్నారు, ధర పడిపోద్ది, సగం చేలో జొన్న వెయ్యమని రాశావు. ఆ ఉత్తరం సరిగ్గా పత్తి విత్తనం పెట్టే రోజున వచ్చింది. విత్తేనాడు చెడుమాట పలకకూడదని మా అత్త అనేది. నాన్నకి చదువు రాదు కదా, నేనే చదివి వినిపించాలి. ఆ నాలుగు వరసలూ దాటేసి, నువ్వు కులాసా అని మాత్రం చదివాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి విత్తనం భూమిలో ఉంది. ఆ తర్వాత చెప్పాలంటే భయమేసింది. ఆ ఉత్తరం బైబిల్లో దాచాను; తెరిస్తే చాలు, అదే కనపడుతోంది.

తప్పు నాదమ్మా. నువ్వు రావద్దు, పరీక్షలు రాయి.

మీ నాన్న నా ఎదురుగానే కూలికి తెచ్చిన మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాడు. నిన్ను వచ్చెయ్యమని రాస్తున్నాననుకుంటున్నాడు. “అయిందా అమ్మా? ఏదీ, చదువు” అంటున్నాడు.

ఈసారి ఒక్క వరస కూడా దాటెయ్యను.

మీ నాయనమ్మ