నిద్ర రాసే గడి

అబ్బాయీ,

నీ కూతురి కాలికి ఆపరేషనై పన్నెండు రోజులైనా కుట్ల చుట్టూ ఎరుపూ వాపూ తగ్గలేదు. మందులు గంట తప్పకుండా నేనే వేస్తున్నాను.

నిన్న డాక్టరమ్మకు నా పుస్తకం చూపించాను. దాని నిద్ర, నొప్పి, జ్వరం, వాపు, అన్నీ అందులో రాస్తున్నాను. నువ్వు ఫోన్ చేసి పరీక్షకు చదువుతోందా అని అడిగిన ఐదు రోజులూ అది రాత్రి మూడేసి గంటలే పడుకుంది.

"దిగులూ నొప్పీ నిద్రలేమీ కలిస్తే వాపు త్వరగా తగ్గదమ్మా. రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గుతుంది," అందావిడ.

నిన్ను గట్టిగా దులపాలనుకుంటుండగా ఆవిడ పేజీ తిప్పింది. "జ్వరం తగ్గి వారమైందిగా! ఇంకా రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేపి థర్మామీటరు పెడుతున్నారా?"

"లేపకపోతే లెక్కెలా తెలుస్తుంది?" అన్నాను.

నీ కూతురు నవ్వింది. "పగలు నాన్న పరీక్ష, రాత్రి నానమ్మ పరీక్ష డాక్టర్‌గారూ!"

నేను పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

గాయం మానేదాకా నువ్వు పరీక్ష మాట ఎత్తకు. నేను థర్మామీటరు బీరువాలో పెట్టేశాను. ఈ ఉత్తరం రాసేసరికి పొద్దున తొమ్మిదైంది, అదింకా లేవలేదు. రాత్రి ఎన్నింటికి నిద్రపోయిందో నాకు తెలియదు. పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

అమ్మ