నల్లచుక్కల చేప

రిఫా,
శుక్రవారం

అక్కకు, బావగారికి సత్యవతి నమస్కారాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఒంట్లో బాగుంది, తిండికీ లోటు లేదు. పాపకి అమ్మవారు పోసిందని నువ్వు రాసిన ఉత్తరం నిన్న చేరింది. రాసి ఇరవై రోజులైంది. మన ఊరి కిరాణా కొట్టు నంబరుకి రెండుసార్లు ఫోను చేశాను. మోగుతోంది, ఎవరూ తీయడం లేదు.

చదివి ఏడవలేదక్కా. మడిచి దిండు కింద పెట్టి చపాతీలు చేశాను. ఎందుకో నాకు ఏమీ అనిపించడం లేదు.

ఈ ఎడారి దేశంలో ఎండలు ఇంకా తగ్గలేదు. మా సారూ మేడమూ గుంటూరువాళ్లే, మంచివాళ్లు. ఓడల్లో వచ్చే చేపల్ని పరీక్ష చేసే ఆఫీసులో సారుకి ఉద్యోగం. రెండు వారాల కిందట గడ్డకట్టిన పెద్ద చేపని తెచ్చారు. ఎక్కడో ఉత్తరాన, మంచు కురిసే సముద్రంలోదట. గడ్డ కరిగాక చూస్తే తోలు నిండా నల్లచుక్కలు. అచ్చం అమ్మవారు పోసినట్టే ఉంది. కత్తి కింద పెట్టి, పసుపునీళ్లు చల్లి, వీధిలోని వేపచెట్టు రెమ్మ తెచ్చి దాని మీద కప్పాను. పొయ్యి వెలిగించలేదు.

సారు వచ్చి పడీపడీ నవ్వారు. "చేపకి అమ్మవారేంటి సత్యవతీ! అయ్యి పురుగులు. నత్తలో పుట్టి, చేప తోల్లో దూరి, దాన్ని తిన్న పక్షి కడుపులో పెద్దవుతాయి" అన్నారు. సూదితో ఒక చుక్కని చీల్చి భూతద్దంలో చూపించారు. ఆకులా పలచటి పురుగు, కనీకనపడకుండా ఉంది. చుట్టూ ఆ నలుపు చేపే కట్టుకుంటుందట. పురుగుని అలా లోపలే పెట్టుకుని తిరుగుతుందట.

"బాగా ఉడికితే చస్తాయి. తోలు తీసేసి వేయించెయ్" అన్నారు. వేయించాను. పప్పులోకి పోపు కూడా పెట్టాను.

నీ ఉత్తరం మీద తేదీ చూశాక తెలిసింది. అక్కడ నువ్వు బాణలి ముట్టకుండా పాపని వేపాకుల మీద పడుకోబెట్టిన రోజులవి. కన్నతల్లిని, నేను ఇక్కడ నూనె కాచాను. సారుకి చెబితే మళ్లీ నవ్వుతారు. నీకే చెబుతున్నాను.

పాపకి తలకి నీళ్లు పోశారా? గోకనివ్వకు. మేడమ్ ఇచ్చిన సబ్బులు ఊరెళ్లేవాళ్ల చేత పంపుతాను. అత్తయ్యకి నా దండాలు చెప్పు, నన్ను దీవించమను.

నువ్వెప్పుడూ బాగున్నామనే రాస్తావు. నేనూ అదే రాస్తాను కదా. అందుకని ఈసారి ఆఖరి వరస నువ్వు రాయకు. పాప చేత దాని పేరు రాయించు. ఒత్తులు తప్పినా సరే, దిద్దకుండా పంపు.

నీ చెల్లెలు
సత్యవతి