ఒక్క ముడి వెయ్యి

సూళ్లూరుపేట,
2025 నవంబరు 9, ఆదివారం.

ప్రియమైన మెర్లిన్‌కు,

మీ మేనత్త సామ్రాజ్యం మన ప్రభువు నామమున దీవించి రాయునది. ఆయన కృపలో ఇక్కడ మేమందరం కులాసా. అక్కడ సంగం ఊళ్లో నువ్వూ, సుశీల్ కుమారూ, లోపల్నుంచి నిన్ను తంతున్న ఆ చిన్నప్రాణమూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. పైన జిల్లా పేరు రాయలేదని మీ ఆయన నవ్వుతాడేమో. మా ఊరిని తీసుకుపోయి తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, నెల్లూరోళ్లం కాదని రాయడానికి నా పెన్ను ఒప్పుకోవడం లేదు.

ఫోనుండగా ఉత్తరమెందుకు అంటావు. ఫోన్లో అయితే నువ్వు సగం విని ఏడుస్తావు, నీ ఏడుపు విని నేనూ మొదలుపెడతాను, అసలు సంగతి చెప్పుకోకుండానే ఇద్దరం పెట్టేస్తాం. డాక్టరమ్మ మంచం దిగొద్దంది కాబట్టి ఇప్పుడు నువ్వు ఎటూ పారిపోలేవు. మా అబ్బాయి కిషోర్ బాబు చేతికి ఈ ఉత్తరమూ ఒక పొట్లమూ ఇచ్చి పంపుతున్నాను. ముందు ఉత్తరం చదువు. పొట్లం ఎప్పుడు విప్పాలో నేను చెబుతాను.

రెండు నెలల కిందట నువ్వు అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. రెండుసార్లూ ఐదో నెలలోనే పోయింది, ఈసారీ ఐదో నెల పడింది అత్తా, ఆ పిల్లి గుడ్డ పంపవా, అమ్మ కట్టుకున్నది నా ఒంటి మీద ఉంటే నాకు ధైర్యం, అన్నావు. మీ అమ్మ కెజియా బతికుంటే నువ్వు అడగాల్సిన పనే ఉండేది కాదు, తనే తెచ్చి చుట్టేది. నేను ఆరోజే పెట్టె తెరిచి ఆ గుడ్డను తీసి, కుంకుడు రసంతో మెల్లగా ఉతికి మిద్దె మీద ఆరేశాను. అంతా అక్కడ మొదలైంది.

ఆ గుడ్డ కథ నీకు తెలిసిందే. అయినా మళ్లీ చెబుతాను, ఎందుకంటే మనకు తెలిసిందంతా తప్పని తేలింది.

మా నాయన, అంటే మీ తాత జీవానందం, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దు కొండల్లో గాయపడిన వాళ్లను స్ట్రెచర్ మీద మోసేవాడు కదా. మనవాళ్లను మోసినట్టే, దొరికితే జపాను వాళ్లనూ మోసేవాడు. అలా మోసుకొచ్చిన కుర్రవాడొకడు డేరాలో చనిపోయాడు. వాడి నడుముకు చుట్టుకుని ఉన్న పట్టీని విప్పి కాల్చెయ్యమని పైవాళ్లు చెప్పారట. ఆడోళ్ల చేతికుట్టబ్బా అది, ఒక ముడి మాదిరి ఇంకో ముడి లేదు, కాల్చేదానికి నాకు చేతులు రాలా, అనేవాడు నాయన. యుద్ధం గురించి అంతకుమించి ఒక్క ముక్క చెప్పి ఎరుగడు. ఆ పట్టీని మడిచి, గుడ్డల మధ్య దాచుకుని, మనుబోలులోని ఇంటికి తెచ్చాడు.

మా అమ్మ అబిగయీలు దాన్ని విప్పి చూసింది. తెల్ల గుడ్డ మీద ఎర్రదారం ముడులతో ఒక బొమ్మ. చారలు, మీసాలు, పైకి లేచిన తోక. ఇదేంది, పిల్లి బొమ్మ అందట. పిల్లి ఎంత సులువుగా పిల్లలు పెడుతుంది, నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పి ఎంత భద్రంగా కాపాడుకుంటుంది! కానుపుకు ఇంతకంటే మంచి గుడ్డ ఏముంటుందని, మీ నాన్న పుట్టినప్పుడు దాన్నే నడికట్టుగా కట్టుకుంది. అప్పట్నించీ మన ఇంట్లో అదే ఆచారం. ఏడో నెలలో కడుపు మీద కప్పి ప్రార్థన చెయ్యడం, కానుపయ్యాక బాలింత నడుముకు బిగించడం. నేను కట్టుకున్నాను, నీకు మీ అమ్మ కట్టుకుంది, మొన్న మొన్న నా కూతురు ఎవాంజెలిన్ కట్టుకుంది.

ఇక కిషోర్ బాబు పనిచేసే తడ కంపెనీలో ఒక జపాను అమ్మాయి ఉంది, ఇంజనీరు. పేరు మిజుకి. నా నోటికి ముజికి అనే వస్తుంది, పాపం ఆ పిల్ల దానికీ పలుకుతుంది. నెల్లూరు చేపల పులుసు తినాలని ఉందంటే, ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మావాడు ఇంటికి తీసుకొచ్చాడు. కారానికి కళ్లూ ముక్కూ కారుతున్నా వదలకుండా తిన్నది. తిన్నాక కాస్త గాలి పీల్చుకుంటానని మిద్దె ఎక్కింది. ఎంతకీ దిగి రాదే!

ఎక్కి చూస్తే, గుడ్డ ఆరేసిన తీగ ముందు నిలబడి ఉంది. చెప్పులు విడిచేసింది. చేతులు తొడలకు ఆనించి, నడుము వంచి, వంచిన తల ఎత్తడం లేదు. ఏందమ్మా, గుడ్డకు దండం పెడతా ఉండావు అన్నాను. తల ఎత్తితే చెంపల నిండా నీళ్లు. పులుసు కారం కాదు అది. కింద కూర్చుని ఇంగ్లీషులో చెబుతుంటే కిషోర్ బాబు నాకు తెలుగులో చెప్పాడు.

దాన్ని వెయ్యి కుట్ల పట్టీ అంటారట. కొడుకు యుద్ధానికి పోతుంటే తల్లి ఒక తెల్ల గుడ్డా సూదీ ఎర్రదారమూ పట్టుకుని వీధిలో నిలబడేదట. దారిన పోయే ప్రతి ఆడమనిషినీ ఆపి, ఒక్క ముడి వేసి పొమ్మని బతిమాలేదట. మనిషికి ఒక్కటే ముడి. అలా వెయ్యిమంది చేతులు పడితేనే పట్టీ పూర్తయినట్టు. ఆ బొమ్మ పిల్లి కాదమ్మా, పులి. పులి వెయ్యి ఆమడలు పోయినా తిరిగి తన చోటికి వస్తుందని వాళ్ల నమ్మకం.

ఎనభై ఏళ్లుగా పులిని పట్టుకుని పిల్లీ పిల్లీ అన్నామే మెర్లిన్! మొదట పగలబడి నవ్వాను. నవ్వు ఆగకముందే ఒళ్లంతా జలదరించింది. కొడుకు ఇల్లు చేరాలని ముక్కూ మొహం తెలియని వెయ్యిమంది ఆడవాళ్లు వేసిన ముడులు అవి. ఏమీ తెలియకుండా వాటిని మన కడుపులకు చుట్టుకుని, వాటి మీదే మన బిడ్డల్ని పడుకోబెట్టుకున్నాం. ఎక్కడికో పోయి ఏ దేవాలయాలో చూడనక్కర్లేదు, మన ట్రంకు పెట్టెలోనే ఇంత ఉంది.

గుడ్డ అంచున సిరా గీతలుండేవి, చాకలి గుర్తనుకుంటూ వచ్చాం. అది ఆ కుర్రవాడి పేరట. షిగెరు. పక్కనే ఊరి పేరు. మిజుకి వాళ్ల నాన్నకు చెబితే ఆయన ఆ ఊరికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. షిగెరు చెల్లెలు బతికే ఉంది. ఫుమి అని, నాకంటే పెద్దది.

ఫోన్లో ఆమెను చూపించారు. గువ్వంత మనిషి, తెల్లటి జుట్టు. గుడ్డను పరిచి చూపమంది. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి, అంటూ బొమ్మ చెవి దగ్గర ఆపించింది. అక్కడ వంకరటింకరగా కొన్ని ముడులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, గుర్తుందా? ఎవరో చిరుగు కుట్టారనుకునేవాళ్లం. అవి నావి, అంది ఆమె. వాళ్ల పంచాంగంలో పులి పేరున్న సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల మాత్రం తన వయసెంతో అన్ని ముడులు వెయ్యొచ్చట. అప్పుడు ఆమెకు ఆరేళ్లు. వేలికి సూది గుచ్చుకుంటే అన్న ఆ వేలు నోట్లో పెట్టుకుని చీకాడట. చెబుతూ ఆ వేలితో ఫోను అద్దాన్ని తడుముతోంది.

తర్వాత ఆమె, ఇన్నేళ్లూ దీన్ని ఏం చేశారు అని అడిగింది. మిజుకి నా మొహం చూసింది. చెప్పమ్మా, సిగ్గెందుకు, ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. బాలింతల నడుముకు కట్టామని చెప్పింది. ఆమెకు కోపమొస్తుందేమో అనుకున్నాను. ఆ పిల్లలు బతికారా అంది ఆమె. అందరూ బతికారమ్మా, మనవళ్లను కూడా ఎత్తారు అన్నాను. ఆమె తల బల్ల మీద ఆనించేసింది. మా అమ్మ చలిలో రైలు స్టేషను ముందు నిలబడి ఆ ముడులు వేయించింది, అవన్నీ వృథా పోయాయనుకుంటూనే కన్ను మూసింది, అని చెప్పింది. నేను ఇక ఆగలేకపోయాను, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

షిగెరు అస్థికలంటూ సైన్యం నుంచి ఇంటికి ఒక తెల్ల పెట్టె వచ్చిందట. విప్పితే లోపల ఒక రాయి ఉందట. ఆ రాయినే సమాధి చేసుకున్నారు.

గుడ్డ తిరిగి ఇవ్వమని ఆమె అడుగుతుందని ఎదురు చూశాను. అడిగితే, మా మెర్లిన్ కానుపు ఉందమ్మా, ఇవ్వలేను అని చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. నా సంగతి నీకు తెలుసు, ఎవరికైనా మొహం మీదే చెప్పేస్తాను. ఆమె అడగలేదు. నీ పేరు, నీ సంగతి అడిగి తెలుసుకుంది. ఆ అమ్మాయికి చలి తగలనివ్వకండి అని చెప్పి పెట్టేసింది.

ఇదమ్మా సంగతి. వచ్చే ఆదివారం నీకు ఏడో నెల ప్రార్థన. పొట్లంలో నడికట్టు ఉంది. కడుపు మీద కప్పుకో, కానుపుకు నేనొచ్చి నా చేత్తో బిగిస్తాను. భయపడొద్దు. భయమేసినా పరవాలేదు, నాకు ఫోన్ చెయ్యి, తిడతాను.

నిన్ను ఎత్తుకు తిప్పిన అత్త,
సామ్రాజ్యం

తా.క.: ఇప్పుడు పొట్లం విప్పు.

అది పాత గుడ్డ కాదు. కోపమొస్తే పడుకునే తిట్టు, లేచి కూర్చోకు. పాతది పోయిన వారం మిజుకి చేతుల మీదుగా జపాను వెళ్లిపోయింది. ఆమె అడిగి ఉంటే ఇవ్వకపోదును. అడగలేదు కాబట్టి నాకు అన్నం సయించలేదు. ఆ కుర్రవాడు వెయ్యి ఆమడలు పోయి, మన ఇంట్లో ఎనభై ఏళ్లు ఆగిపోయాడు. ఇంక ఇంటికి పంపొద్దా మెర్లిన్? రాయి తీసి ఆ స్థలంలో పట్టీని పెడతారట.

అలాగని నిన్ను వట్టి చేతులతో వదులుతానా? నీ ఒళ్లో ఉన్న ఆ తెల్ల గుడ్డ మీ అమ్మ పెళ్లిచీర. పోయే ముందు కెజియా నా చేతికిచ్చింది, దానికి నప్పే పని ఇన్నాళ్లకు దొరికింది. కత్తెర పెట్టేటప్పుడు ఆమెతో మాట్లాడుతూనే కోశాను.

ముడులు మాత్రం నావి కావు. చర్చిలో స్త్రీల సమాజంతో మొదలుపెట్టి ఊళ్లు పట్టుకు తిరిగాను. ఇది మూఢనమ్మకం కదా అని పాస్టరుగారు నసిగారు, వాళ్లావిడ ముడి మూడో వరసలో ఉంది. బస్టాండులో చేపలమ్మే ముత్యాలమ్మను ఆపి, అమ్మా ఒక ముడి వెయ్యి అన్నాను. ఒకటా, వెయ్యా, తేల్చి చెప్పక్కా, నాకు బేరాలుండాయి అని కసిరింది. సంగతి వినగానే చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చింది, అయినా అక్కడ చందువా వాసన కొడుతుంది, నీకు వాంతొస్తే ఆ పక్క కాళ్ల వైపు తిప్పుకో. బురఖా తీయకుండానే వేసిన అమ్మ ఉంది. ఆరంబాకం నుంచి వచ్చి నాకు అర్థంకాని అరవంలో ఏదో దీవించి వేసిన ముసలమ్మ ఉంది. తడలో షిఫ్టు దిగిన ఆడపిల్లలు కంపెనీ బస్సును ఆపించి మరీ వేశారు. మనుబోలులో నాట్లు వేసేవాళ్లు గట్టెక్కి, బురద చేతులు కాలవలో కడుక్కుని వేశారు. ఎర్రదారం ఫుమిగారు పంపింది.

సూది పట్టుకున్న ప్రతి ఒక్కతీ, బిడ్డ పేరేంది అని అడిగింది. ఇంకా పుట్టలేదంటే, తల్లి పేరు చెప్పక్కా అంది. చెప్పాను. నీ పేరు పలికి ముడి బిగించారు. ఇప్పుడు నేను కూరగాయలకు పోయినా, చర్చికి పోయినా, బస్సెక్కినా, ఎవరో ఒకరు నన్ను ఆపి, మన మెర్లిన్‌కు ఎట్లుండాదక్కా అని అడుగుతున్నారు.