సిపాయి నోరు

మార్కాపురం,
మంగళవారం.

చిరంజీవి భ్రమరాంబను నాయన దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను, సిపాయి ముగ్గురమూ కులాసా. అక్కడ నీ ఒళ్ళు, చదువు బాగున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మేడ మెట్లు ఎక్కుతోంది. నువ్వడిగిన కందిపొడి కొట్టి సీసాకెత్తింది. హాస్టల్లో ఆదివారం ఇచ్చేది ఐదు నిమిషాల ఫోను, అందులో సిపాయి గురించి అడిగితే మాట మార్చానని కోపంగా రాశావు. నిజమే, మార్చాను. పది రోజులు గడవనిదే నీకు ఏమీ చెప్పదలచుకోలేదు. నిన్నటితో గడిచాయి.

రెండు వారాల కిందట మన కుక్క అన్నం మానేసింది. కంచం దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి పోయేది. నోరు సగం తెరిచే ఉండేది. చొంగ తీగలా కారేది. ముందుకాలితో మూతి గీరుకునేది. ఎదురింటి సరోజమ్మ చూసి, పిచ్చి పట్టిందని వీధంతా చెప్పింది. ఏటా దానికి టీకా వేయించేది నువ్వు. నువ్వు వెళ్ళాక ఈ ఏడు మాకు ఆ ధ్యాసే లేకపోయింది. పైగా కత్తిపీట గాటున్న అమ్మ చేతిని అది నాకింది. ఇక నా భయం చూడు.

నాగులు ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ ఏసురత్నం మందపాటి తొడుగులు వేసుకుని, దానికి మత్తు సూది ఇచ్చి నోరు తెరిచింది. వెనక పళ్ళ మధ్య, అంగిలికి అడ్డంగా ఒక ఎముక ముక్క ఇరుక్కుని ఉంది. మన ఇంట్లో ఎముక ఎక్కడిది, బజారులో ఎక్కడో కొరికి ఉంటుంది. పక్క పన్ను విరిగి చీము పట్టింది. మిగతా పళ్ళకు గార పచ్చగా పేరుకుని చిగుళ్ళు వాచాయి. ఎముక తీసి, ఆ పన్ను పీకి, గార గీకేసింది.

"కారణం దొరికింది గానీ, పిచ్చి లేదని ఈ పూటే చెప్పలేనన్నా. పది దినాలు కట్టేసి చూడండి. ఇంట్లో ఆమె, మీరు, ఇద్దరూ సూదులు ఏపిచ్చుకోండి" అంది.

వేయించుకున్నాము, చివరిదొకటి మిగిలింది. సిపాయి మూడో రోజే పెరుగన్నం తినింది. నిన్న డాక్టరమ్మ చూసి భయం లేదని చెప్పి దానికీ టీకా వేసింది. అమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఏడ్చేసింది.

ఇప్పుడు అమ్మకు కూడా తెలియని సంగతి రాస్తున్నాను. ఆ రోజు నేను తిన్నగా ఆసుపత్రికి పోలేదు. ఆటోను పుల్లలచెరువు దారి పట్టించాను. అడవి మొదట్లో దిగి పిలిచాను. నేను పిలిచాననే అది దిగింది. తాడు విప్పి ఆటో ఎక్కేశాను. నిజంగా పిచ్చే అయితే ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళ గతి ఏమిటన్నది కూడా ఆలోచించలేదు.

కొంత దూరం పోయాక నాగులు ఆటో ఆపినాడు. "డాక్టరుకు చూపిచ్చకుండానే వదిలేస్తిమి గదన్నా. రేపు పాప అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు.

వెనక్కి తిప్పమన్నాను. సిపాయి వదిలిన చోటనే, మేము పోయిన దిక్కుకు చూస్తూ కూర్చుని ఉంది. ఎవరూ పిలవకుండానే ఆటో ఎక్కి నా కాళ్ళ దగ్గర పడుకుంది.

నువ్వు సెలవులకు వచ్చినప్పుడు అమ్మకు నీ ఎదుటే చెబుతాను. ఈ పొద్దున దుకాణం తెరిచే ముందు దాని పళ్ళు తోమాను. మన పేస్టు కుక్కలకు పనికిరాదట, వాటిది వేరే తెచ్చాను. పెదవి ఎత్తి వెనక పళ్ళ దాకా వేలు పోనిచ్చినా కదలకుండా నిలబడింది. నాకు దాని కళ్ళలోకి చూడడం చేతకాలేదు. తిట్టాలనిపిస్తే తిట్టి రాయి తల్లీ, రాయకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
నాయన
వెంకటసుబ్బయ్య